మేకల కొట్టం మీది ఫ్లెక్సీ

రాఘవేందర్ ఆమెను ఎరగక ఆ మాట అని ఉంటే వసంత ఎప్పటికో ఒకప్పటికి మర్చిపోయేది. ఎరిగి అన్నాడు. అందుకే అది ఆమె గొంతులో ముల్లులా ఉండిపోయింది.

ఆ రోజు పొద్దున వనపర్తి పీజీ సెంటర్‌లో బోటనీ ల్యాబ్ నడుస్తోంది. వసంత ఆలుగడ్డ ముక్కలో ఆముదం కాడను ఇరికించి బ్లేడుతో పలుచగా కోస్తోంది. కోసిన పొర నీళ్లలో వేస్తే కనపడీ కనపడనట్టు తేలాలి. మేడమ్ ఆమె గిన్నెలోకి వంగి, "ఇటు వచ్చి ఇది చూడండమ్మా" అని మిగతావాళ్లను పిలుస్తుండగానే అటెండర్ ఎస్తేరమ్మ గుమ్మంలో నిలబడింది.

"వసంతా, ప్రిన్సిపాల్ సారు రమ్మంటుండు. బ్యాగు గూడ తెచ్చుకోమన్నడు."

బ్యాగు అనే మాటతోనే ఆమెకు సంగతి తెలిసిపోయింది. ఎమ్మెస్సీ బోటనీలో ఆమెకు వచ్చింది చివరి లోకల్ సీటు. ఆమె తర్వాతి ర్యాంకు రాఘవేందర్‌ది. వసంత లోకల్ కాదని అతను హైదరాబాదు వెళ్లి హైకోర్టులో కేసు వేశాడు. విచారించి మీరే తేల్చండని కోర్టు సెంటర్‌కు చెప్పింది. సెంటర్ తేల్చేసింది.

ప్రిన్సిపాల్ మంచివాడే. ఆమె మొహం చూడలేక టేబుల్ మీది పేపర్ వెయిట్ తిప్పుతూ మాట్లాడాడు. "రూల్ అట్ల ఉన్నదమ్మా. లోకల్ సీటు కావాల్నంటే డిగ్రీతో కలిపి వరుసగా నాలుగేండ్లు ఈ రాష్ట్రంల చదివి ఉండాలె. నువ్వు డిగ్రీ రాయచూరుల చేసినవ్. రాయచూరు కర్ణాటక."

"సార్, మా ఊరికి గద్వాల కంటె రాయచూరే దగ్గర. పొద్దుగాల పోయి మాపటికి ఇంటికొచ్చేదాన్ని. ఒక్క రాత్రి గూడ అక్కడ పండలే."

"రూల్ల ఇల్లు లేదమ్మా. కాలేజీ ఉంది."

బ్యాగు భుజాన వేసుకుని బయటికి వచ్చేసరికి ఇంటర్వెల్. వరండా నిండా పిల్లలు. రాఘవేందర్ స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు, కొత్త ఐడీ కార్డు అప్పటికే మెడలో వేసుకుని.

"ఇగ మీ రాయచూరుకు పో పిల్లా," అన్నాడు అందరికీ వినపడేలా. "కన్నడపోళ్లకు మా సీట్లెందుకు?"

పక్కనున్న శ్రవణ్ కుమార్ పళ్లికిలించాడు. "ఆమెకు తెలుగు సమజైతదంటవారా?"

"అయితే కన్నడంలనే చెప్త. హోగమ్మా, బేగ హోగు!" తొందరగా పొమ్మని రాఘవేందర్ గేటు వైపు చేయి ఊపాడు.

వరండా అంతా నవ్వింది. నవ్వనివాళ్లు నేల చూశారు. వసంత గేటు దాకా నడిచింది. ఆ నడకలో ఆమెకు గుర్తుకొచ్చింది సీటు కాదు, సీడ్ పత్తి చేను. రాఘవేందర్ తండ్రి జయపాల్ గద్వాల వైపు పెద్ద సీడ్ ఆర్గనైజర్. కంపెనీకీ రైతుకూ నడుమ ఉండి విత్తనం పత్తి పండించేవాడు. చింతలదొడ్డిలో వసంత తండ్రి గోవిందు పండించేది ఆయనకే. ఏడో తరగతి నుంచీ క్రాసింగ్ రోజుల్లో వసంత తల్లి వెంట జయపాల్ సొంత చేలో పనికి పోయేది. సాయంత్రం ఆడ మొక్కల మొగ్గలు గిల్లడం, పొద్దున మగ పూలు తెచ్చి వాటికి రుద్దడం. రాఘవేందర్ బండి మీద చేనుకు వచ్చేవాడు. ఎండకు దప్పికైతే, "వసంతా, జర నీళ్లియ్యి" అని అడిగి ఆమె సీసాలోవి తాగేవాడు. ఆమె ఏ ఊరిదో, ఏ ఇంటిదో, పొద్దుగూకితే ఏ అరుగు మీద కూర్చుని చదువుకునేదో అన్నీ తెలుసు. తెలిసే అన్నాడు.

*

"పోనీ బిడ్డా, బీయెడ్ చెయ్యి," అంది తల్లి వెంకటమ్మ, రొట్టె తడుతూ.

"చెయ్య."

"మరేం చేస్తవ్?"

"వాణ్ణి బయటికి తీస్త."

వెంకటమ్మ రొట్టె తట్టడం ఆపి కూతురి వైపు చూసింది. ఇంట్లో ఇప్పటిదాకా డిగ్రీ చదివింది వసంత ఒక్కతే. చెప్పిన మాట వినే పిల్ల. గొంతు పెంచి ఎరగదు. ఇప్పుడు కూడా పెంచలేదు. అందుకే తల్లికి భయమేసింది.

వనపర్తి కోర్టు ఎదురుగా జిరాక్స్ షాపు మీద మేడలో ప్రభుదాసు వకీలు ఆఫీసు. హైకోర్టులో అతని దోస్తులున్నారు, అప్పుడప్పుడూ తానూ వెళ్లి నిలబడతాడు. బీద పిల్లల కేసులంటే కాదనడని పేరు. వసంత చెప్పిందంతా విని, అద్దాలు నుదుటి మీదికి తోసుకుని అన్నాడు.

"నీ సీటు కోసం కొట్లాడుదాం బిడ్డా. వాని మీద పగతోని మాత్రం వద్దు. కోర్టుకు పగ తెల్వదు, రూలే తెలుసు."

"నాకు రెండూ ఒక్కటే సార్."

"నీకు ఒక్కటే. జడ్జికి కాదు." కాగితాలు తిరగేశాడు. "నువ్వు ఇక్కడనే ఉన్నవ్, ఇక్కడికెల్లే పోయొచ్చినవ్. రూల్ ఇక్కడోళ్ల కోసం పెట్టింది, నువ్వు ఇక్కడిదానివే. గదే మన వాదన. బలంగుంది అని నేను అనను. వాని కాయితాలు చూడు, అద్దం లెక్కున్నయి. ఇంటర్ గద్వాల, డిగ్రీ వనపర్తి. వేలు పెట్టెటందుకు సందు లేదు."

కేసు వేశారు. ఈసారి వసంత పిటిషనర్, రాఘవేందర్ ఎదుటి పక్షం. అడ్మిషన్లు నెలాఖరుకు మూసేస్తారు. ఆలోగా తేలాలి. హాస్టల్ ఖాళీ చేసిన వసంత, వకీలుకు దగ్గరగా ఉంటుందని పాన్‌గల్‌లో చిన్నమ్మ బాలనాగమ్మ ఇంట్లో దిగింది.

పాన్‌గల్‌లో ఒక సాయంత్రం ముసురు పట్టింది.

"పిల్లా, మేకపిల్లను లోపట కట్టెయ్యి, తడుస్తుంది," అని చిన్నమ్మ వంటింట్లోంచి కేకేసింది.

ఈ జిల్లాల్లో ఫ్లెక్సీకి రెండు బతుకులు. మొదట చౌరస్తాలో వేలాడుతుంది, పుట్టినరోజులకో పదవులకో. పండుగ అయిపోయాక ఎవరో ఒకరు విప్పుకుని ఊరికి తెస్తారు. అక్కణ్నుంచి వడ్ల కుప్పల మీదికో, స్నానాల దడికో, మేకల కొట్టం మీదికో పోతుంది. బాలనాగమ్మ కొట్టం కప్పు నిండా అలాంటివే. లీడర్లు, పెళ్లికొడుకులు, మొదటి ర్యాంకులు, అందరూ బొమ్మ కిందికి వచ్చేలా తిరగేసి కట్టి ఉన్నారు, మేకలను చూసి నవ్వుతూ.

వసంత మేకపిల్లను గుంజకు కట్టి తలెత్తింది. రాఘవేందర్ తలకిందులుగా నవ్వుతున్నాడు. ఇప్పటికంటే చిన్న మొహం, అప్పుడే మొలిచిన మీసం. తల పక్కకు వాల్చి అక్షరాలు చదివింది.

'విజయవాడ కార్పొరేట్ కళాశాలలో రెండేళ్లు చదివి ఇంటర్‌లో అత్యధిక మార్కులు సాధించిన మా ముద్దుబిడ్డ చి. రాఘవేందర్‌కు శుభాకాంక్షలు. — జయపాల్, సీడ్ ఆర్గనైజర్, మరియు మిత్రబృందం, గద్వాల.'

ఈ ఫ్లెక్సీ ఆమె చూడనిదేం కాదు. గద్వాలలో నెల రోజుల పాటు అందరి తలల మీద వేలాడింది. బస్సు దిగినప్పుడల్లా చూసి, ఉన్నోళ్ల పిల్లలు, అదృష్టం, అనుకుని పోయేది. కోర్టులో అతను ఒట్టేసి రాసిందేమో, రెండేళ్ల ఇంటర్ గద్వాలలోనే చదివానని!

డబ్బున్నవాళ్లు చాలామంది చేసే పనే అది. పిల్లల పేరు ఊళ్లోని చిన్న కాలేజీలో రాయిస్తారు, రేపు లోకల్ అనిపించుకోవాలి కదా. మనిషిని మాత్రం విజయవాడ పంపి పెద్ద కాలేజీ హాస్టల్లో ఉంచుతారు. అక్కడ చదివి, పరీక్ష ఇక్కడికి వచ్చి రాస్తారు. తెలివిగలవాళ్లు ఆ సంగతి కడుపులో పెట్టుకుంటారు. జయపాల్ పెట్టుకోలేకపోయాడు. కొడుకు గద్వాల సందులోని కాలేజీలో చదివాడని రాయించుకోవడం ఆయనకు నామోషీ. అంత ఖర్చు పెట్టి విజయవాడ పంపింది పదిమందికి తెలియడానికే కదా.

"ఏందే, మేకను కట్టమంటె ఒక్కదానివే నవ్వుతున్నవ్?" చిన్నమ్మ చేట నెత్తిన పెట్టుకుని వచ్చింది.

"చిన్నమ్మా, గీ ఫ్లెక్సీ నాకియ్యి."

"ఇస్తె మేకల మీద ఏం కప్పాలె, నీ చున్నీనా?"

"ఇంకోటి తెచ్చిస్త. ఎమ్మెల్యేది, పెద్దది."

"నిలువు బొమ్మ తేకు, అడ్డం బొమ్మ తే. ఇంకా, మీసాలోళ్లది వద్దు. ఇప్పటికే పిల్లలు బెదురుతున్నయి."

వానలోనే నిచ్చెన వేసుకుని వసంత తాళ్లు విప్పింది.

*

ప్రభుదాసు ఆఫీసు నేల మీద ఫ్లెక్సీ పరిస్తే గది గోడ నుంచి గోడకు వచ్చింది. వకీలు చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని దాని చుట్టూ తిరిగాడు.

"దీన్ని కోర్టుకు తీస్కపోతె వాసనకే జడ్జి లేచిపోతడు. ఫోటోలు తీద్దాం." ఆగి, అంచున కూర్చున్నాడు. తర్వాత మెల్లగా, తనకు తాను చెప్పుకుంటున్నట్టు అన్నాడు. "నువ్వు మనిషివి ఇక్కడ, నీ కాయితం రాయచూరుల. వాని కాయితం ఇక్కడ, మనిషి విజయవాడల. అయ్యా, మీరు కాయితాన్ని చూస్తరా, మనిషిని చూస్తరా అని అడుగుదాం. మనిషిని చూస్త అంటె నువ్వు లోపటికి, వాడు బయటికి."

"అడుగుండ్రి సార్."

"ముప్పు గూడ విను. మనిషీ కాయితం రెండూ ఇక్కడనే ఉండాలె అంటడనుకో, ఇద్దరు పోతరు. ఫ్లెక్సీ లేకుంటె జడ్జి నీ ఇంటిని చూసి జాలి పడొచ్చు. ఇది చూసినంక ప్రతి అక్షరం గట్టిగ పట్టుకుంటడు." అద్దాలు తీసి ఆమె కళ్లలోకి చూశాడు. "నిజం చెప్పు బిడ్డా. నీకు సీటు కావాల్నా, వానికి ఉండొద్దా?"

వసంత నేల మీద నవ్వుతున్న మొహం వైపు చూసింది. నోటి పక్కన మేక గిట్టల మట్టి అంటుకుని ఉంది.

"రెండూ కావాలె సార్. ఒక్కటే దొరుకుతదంటె, వానికి ఉండొద్దు."

ఫోటోలతో కొత్త అఫిడవిట్ వేశారు. దాని ప్రతి రాఘవేందర్ వకీలుకు చేరింది.

చేరిన రెండో పొద్దుకే చింతలదొడ్డిలో గోవిందు ఇంటి ముందు తెల్ల కారు ఆగింది. ఆ సమయానికి వసంత ఊళ్లోనే ఉంది. జయపాల్ దిగి, ఎవరూ చెప్పకముందే మంచం మీద కూర్చున్నాడు. గోవిందు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. వెంకటమ్మ నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆయన తాగలేదు, పక్కన పెట్టాడు.

"చూడు బిడ్డా," అన్నాడు వసంతతో, ఎన్నడూ లేని మెత్తదనంతో. "పిల్లలు పిల్లలు కొట్లాడుకున్నరు. నేను పెద్దోన్ని, తెంపుతున్న. రేపే మావోడు సీటు వదులుకుంటున్న అని రాసిస్తడు. నువ్వు లోకల్ కాదన్న మాట వాపస్ తీసుకుంటం. నువ్వు పోయి నీ సీట్ల కూసో. ఆ ఫ్లెక్సీ ముక్క మాత్రం కోర్టుకెల్లి తియ్యి. అబద్ధం రాసిండని పడితె పిల్లగాని బతుకు ఖరాబైతది. రేపు సర్కారు నౌకరికి గూడ లోకల్ గాకుండ పోతడు. నాకు వాడు ఒక్కడే."

వసంత బయటికి వెళ్లి ప్రభుదాసుకు ఫోన్ చేసింది. "అయితది," అన్నాడు వకీలు. ఆయన గొంతులో సంతోషం దాగలేదు. "రెండు పక్షాలు ఒప్పుకుంటె సెంటరోళ్లకు అడ్డమేంది? నెలాఖరు లోపటనే నీ సీటు నీకొస్తది. ఒప్పుకో బిడ్డా, దేవుడు దయ చూసిండు."

ఆమె లోపలికి వచ్చేసరికి తండ్రి కళ్లు కూడా అదే అంటున్నాయి. సీటు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేయి చాపితే చాలు.

వసంత చాపబోయింది కూడా. ల్యాబ్, కిటికీ పక్క బల్ల, నీళ్లలో తేలే సన్నటి పొర, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. ఆ వెంటనే వరండా తిరిగింది. తాను మళ్లీ ఆ గేటు దాటి లోపలికి పోతే శ్రవణ్ కుమార్ లాంటివాళ్లు ఏమంటారు? జయపాల్ సారు దయ తలచి ఇప్పించాడంటారు. రాఘవేందర్ ఎక్కడో ఏదో కాలేజీలో కూర్చుని, పాపం మా పనోళ్ల పిల్ల, ఇచ్చేసిన, అని చెప్పుకుంటాడు. ఆమె అన్నది నిజమని ఎవరూ అనరు. అతను అన్నది అబద్ధమనీ అనరు.

"ఒప్పుకుంట సారు," అంది. "ఒక్కటే. నన్ను ఏ వరండల పొమ్మన్నడో గదే వరండల, ఇంటర్వెల్‌ల, అందరి ముందట నిలబడి చెప్పాలె. వసంత మా దిక్కు పిల్లనే, నాకు తెలుసు, తెలిసే అబద్ధమాడిన అని."

జయపాల్ మొహంలో మెత్తదనం కొంచెం జారింది. "చిన్నపిల్లలోలె ఏందమ్మా ఇది? నేను వచ్చిన గద, నీ ఇంటికి."

"మీరు అనలేదు సారు. అన్నది ఆయన."

జయపాల్ ఫోన్ తీసి కొడుకుకు కలిపాడు. కళ్లజోడు లేక ఏది నొక్కాడో, స్పీకర్ మోగింది. తండ్రి రెండు ముక్కల్లో విషయం చెప్పాడు. అవతలి గొంతు గది నిండా పడింది.

"దానికి నేను సారీ చెప్పాల్నా? మన చేన్ల కూలికొచ్చేదానికా? సీటు పోతె పోనియ్యి నాయనా. అది నా ముందట నిలబడే మనిషేనా..."

జయపాల్ ఫోన్ కట్ చేశాడు. తర్వాత ఆయన లేచి, వసంత వైపు చూడకుండా గోవిందుతో మాట్లాడాడు. గొంతు మళ్లీ చేల గట్ల మీది గొంతయింది.

"నీ బిడ్డకు బుద్ధి చెప్పుకో గోవిందూ. పోయినేడు నీ విత్తనం కంపెనీ టెస్టుల పాసైంది, పైసలొచ్చినయి. ప్రతిసారి గాదు."

కారు దుమ్ము కూడా పూర్తిగా అణగకముందే గోవిందు మంచం మీద కూలబడ్డాడు.

"చేతికొచ్చినదాన్ని కాలదన్నినవ్ బిడ్డా."

"విన్నవ్ గద నాయనా, ఏమన్నడో."

"విన్న." ఆయన నేల చూస్తూ అన్నాడు. "మనకు కొత్తనా?"

వసంతకు ఆ మాట రాఘవేందర్ మాటకంటే ఎక్కువ మండింది. ఆ సాయంత్రమే పాన్‌గల్ బస్సెక్కింది.

*

హైకోర్టులో వసంతకు అర్థమైంది కొంచెమే. జడ్జి ఫోటోలు చూశాడు, ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. ఒక ఫోటోలో మూలకు మేక చెవి పడింది. అదేమిటని అడిగాడు. ప్రభుదాసు చెప్తే హాల్లో సన్నగా నవ్వు పాకింది. రాఘవేందర్ మొదటి వరుసలో చెవులు ఎర్రబడి కూర్చున్నాడు. గద్వాల కాలేజీని, విజయవాడ కాలేజీని జడ్జి జవాబు అడిగాడు. విజయవాడవాళ్లు హాస్టల్‌లో రెండేళ్లూ ఉన్నాడని రాసి పంపారు. గద్వాలవాళ్లు ఈ పిల్లవాడు క్లాసులో ఏ వరుసలో కూర్చునేవాడో చెప్పలేకపోయారు.

తీర్పు నెలాఖరుకు ముందే వచ్చింది. ప్రభుదాసు కోర్టు మెట్ల మీదే నిలబడి ఆమెకు తెలుగులో విడమరిచి చెప్పాడు. చదవడమంటే పేరు ఉండడం కాదు, మనిషి కూర్చుని చదవడం. రాఘవేందర్ ఇంటర్ ఇక్కడ చదవలేదు, డిగ్రీ మూడేళ్లతో నాలుగు నిండవు, చదివానని ఒట్టేసి అబద్ధం చెప్పాడు, అతని లోకల్ సీటు చెల్లదు. అబద్ధం మీద ఏ చర్య తీసుకోవాలో సెంటర్ చూసుకోవచ్చు. వసంత అబద్ధం చెప్పలేదు, ఇక్కడే బతికింది, కష్టం అర్థమవుతోంది. కానీ రూలు చదువు గురించి, ఇంటి గురించి కాదు. మార్చడం కోర్టు పని కాదు. సీటు తర్వాతి ర్యాంకుకు పోతుంది.

"నేను చెప్పిన ముప్పే బిడ్డా," అన్నాడు. ఆయన మొహం వాడిపోయి ఉంది. "ఆ రోజు ఒప్పుకొని ఉంటె ఈపాటికి క్లాసుల ఉండేదానివి."

వసంత అప్పుడే అడిగింది. "సార్, వాని గురించిన ముక్క ఇంకోసారి చదువుండ్రి."

ప్రభుదాసు ఆమె వైపు వింతగా చూశాడు. అయినా చదివాడు. ఒట్టేసి అబద్ధం చెప్పాడు అన్న చోట వేలు పెట్టి, ఇంగ్లీషులో ఒకసారి, తెలుగులో ఒకసారి. ఆమె కళ్లు మూసుకుని విన్నది.

*

సర్టిఫికెట్లు వాపసు తీసుకోవడానికి ఇద్దరినీ ఒకే రోజు రమ్మన్నారు. పొద్దున్నే వెళ్లొచ్చు. వసంత ఇంటర్వెల్‌కే వెళ్లింది. పెళ్లిళ్లకు వేసుకునే పసుపుపచ్చ డ్రెస్సు తొడుక్కుంది. వనపర్తి దాకా తండ్రి బండి మీద తెచ్చాడు. గేటు దాకా మాత్రం రానని వీధి మలుపులోనే ఆగాడు. జయపాల్ ఎదురైతే దండం పెట్టాల్సి వస్తుంది.

కాగితాలు చేతికి తీసుకుని వరండాలోకి వచ్చేసరికి, తెల్ల కోటు వేసుకున్న ఒక సన్నపాటి పిల్ల పరుగున వచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

"అక్కా, మీరే గద వసంత? నేను నస్రీన్, అచ్చంపేట. ఆ సీటు నాకొచ్చింది అక్కా! ఇగ ఈ ఏడు ఇంట్ల కూసునుడే అనుకున్న. మీ పేరు మీద అమ్మీ రోజు దువా చేస్తుంది."

వసంత ఆమె మొహం చూసింది. ఇన్ని రోజుల్లో ఆ సీట్లోకి మూడో మనిషి ఒకరు వచ్చి కూర్చుంటారన్న ఊహే రాలేదు. ఉన్నదల్లా ఆమె, అతను.

"ఏ బల్ల దగ్గర కూసుంటున్నవ్?"

"కిటికీ పక్కది."

"పొద్దుటి పూట గక్కడ మంచి వెలుతురొస్తది," అంది వసంత. "బ్లేడు కొత్తది వాడు. పాతదైతె పొర చినుగుతది."

నస్రీన్ ఇంకేదో అనబోతుండగా గేటు దగ్గర తెల్ల కారు ఆగింది. వరండాలో మాటలు సద్దుమణిగాయి. తీర్పు సంగతి అందరికీ తెలుసు. మేక చెవి సంగతి కూడా. జయపాల్ ముందు, రాఘవేందర్ వెనక. ఆఫీసులోకి వెళ్లి, కాసేపటికి కాగితాలతో బయటికి వచ్చారు. ప్రిన్సిపాల్ పోలీసులకు రాయకుండా ఉండలేనని చెప్పినట్టున్నాడు. జయపాల్ మొహం మట్టిలా ఉంది.

స్తంభం దగ్గర్నుంచి శ్రవణ్ కుమార్ గొంతు వచ్చింది. నవ్వడానికి అతనికి ఎవరైనా ఒకటే.

"ఏంరా లోకల్, విజయవాడ బస్సుకు టైమైందా?"

పిల్లలు పగలబడ్డారు. ఎవరో సన్నగా మేకలా అరిచారు. రాఘవేందర్ గిరుక్కున తిరిగాడు. అతని కళ్లు వరండా అంతా వెతికి పసుపుపచ్చ డ్రెస్సు మీద ఆగాయి. దగ్గరికి వచ్చాడు.

"కడుపు సల్లగైందా?"

"అయింది," అంది వసంత.

"నీకేమొచ్చింది? గది చెప్పు. సీటొచ్చిందా? ఏమొచ్చింది నీకు?"

"నీకు పోయింది గద."

అతను ఏదో అనబోయాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, తల తిప్పేసుకున్నాడు. అతని వెనక జయపాల్ మెట్లు దిగబోయి, ఒక మెట్టు మీద ఆగి, స్తంభం పట్టుకుని అలాగే కూలబడ్డాడు. తెల్ల ప్యాంటుకు దుమ్ము అంటింది. ఎవరూ దగ్గరికి పోలేదు. అంతమంది పిల్లలు చూస్తూ నిలబడ్డారు. వసంత కూడా నిలబడింది. ఆయన లేచి, కొడుకు భుజం పట్టుకుని, కారు ఎక్కేదాకా చూసింది.

అప్పుడు బెల్లు మోగింది. పిల్లలంతా లోపలికి పోయారు. నస్రీన్ తెల్ల కోటు ల్యాబ్ తలుపులో మాయమైంది. వరండాలో వసంత ఒక్కతే మిగిలింది, చేతిలో కాగితాలతో.

వీధి మలుపులో గోవిందు బండి స్టార్ట్ చేసి పెట్టుకుని ఉన్నాడు. ఏమైందని అడగలేదు. ఆమె వెనక కూర్చుంది. జయపాల్ మనిషి వచ్చి ఈ ఏడు సీడ్ వద్దని చెప్పి పోయి వారమైంది. చేలో వేరుశనగ వేద్దామని గోవిందు విత్తనం చూస్తున్నాడు. ఆ విషయం కూడా వాళ్లు మాట్లాడుకోలేదు. బండి పెబ్బేరు దాటింది. ఎండ నెత్తి మీదికి వచ్చింది.

"పిల్లగాడు ఏడ్చిండా?" అన్నాడు గోవిందు, వెనక్కి తిరగకుండానే.

"కండ్లల్ల నీళ్లు తిరిగినయ్."

ఆయన తలూపాడు. వెనక హారన్ కొడుతున్న లారీకి దారిచ్చాడు. కొంత దూరం పోయాక మళ్లీ అడిగాడు.

"ఆయన?"

"మెట్ల మీద కూలబడ్డడు. నేల మీద. అందరు చూస్తుండంగ."

"కుర్చీ ఎవ్వరు తేలేదా?"

"తేలే."

గోవిందు బండిని రోడ్డు కిందికి దించి, తుమ్మ చెట్టు పక్కన ఆపాడు. ఇంజను బంద్ చేశాడు. గాలికి మాట సరిగ్గా వినపడటం లేదన్నాడు. దిగి, తువ్వాలతో మొహం తుడుచుకుని, కూతురికి ఎదురుగా నిలబడ్డాడు. ఆయన కళ్లు ఇలా మెరవడం ఆమె ఎన్నడూ చూడలేదు.

"మొదటికెల్లి చెప్పు బిడ్డా," అన్నాడు. "కారు దిగిన కాడికెల్లి."